నెలకెంత కట్టగలరు?

డాలస్ చుట్టుపక్కల ఓ ఐదారేళ్ళు కాపురం ఉన్న తెలుగువాడికి ఏదో ఒక రోజు పికప్ ట్రక్ మీద మనసు పడుతుంది. మన ఊళ్ళో అయితే టమాటా ట్రేలూ, సిమెంటు బస్తాలూ వేసుకెళ్ళే బండి. ఇక్కడ పళ్ళ డాక్టర్ గారు కూడా దాన్లోనే క్లినిక్ కి వస్తారు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కట. అసలు మనకి ట్రక్ అవసరమా అనే చర్చలోకి నేను దిగను. మా ఇంట్లో అది రెండేళ్ళు నడిచింది, చాలు :)

నా బాధంతా బేరం గురించి. కోఠీలో వంద రూపాయల వస్తువుని నలభైకి అడిగి, ఇవ్వకపోతే నాలుగడుగులు వేసి వెనక్కి పిలిపించుకునే మనవాళ్ళు, ఇక్కడ యాభై వేల డాలర్ల బండి దగ్గర నోరు కట్టేసుకుంటారు. ఇంగ్లీషు రాక కాదు. సేల్స్ మాన్ అడిగే మొదటి ప్రశ్న అలాంటిది. "నెలకెంత కట్టగలరు సార్?" అంటాడు. మనం ఇంటి లోనూ, డే కేర్ ఫీజూ అన్నీ మనసులో తీసేసి "ఏడొందలు" అంటాం. ఇంకేముంది, బేరం అక్కడితో అయిపోయింది. ఆ ఏడొందల్లోకి ఏ ధరనైనా ఎలా ఇరికించాలో వాడికి తెలుసు.

కావాలంటే లెక్క చూడండి. 45,000 డాలర్ల లోను, 7 శాతం వడ్డీ. 60 నెలలకైతే నెలకి 891. మొత్తం వడ్డీ 8,463. అదే లోను 84 నెలలకి సాగదీస్తే నెలకి 679 మాత్రమే. మీరడిగిన ఏడొందల కన్నా తక్కువే, మీకు సంతోషం. కానీ వడ్డీ 12,050 అయింది. అంటే 3,587 డాలర్లు ఎక్కువ కట్టి, "తగ్గించాడు పాపం" అనుకుంటూ ఇంటికొస్తాం. ఆఫీసులో ఎవడైనా ఇలాంటి డిజైన్ చూపిస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం కదా?

అందుకే నేనంటాను, బేరమంటే మాటకారితనం కాదు, సమాచారం. సేల్స్ మాన్ రోజూ అదే పని చేస్తాడు, మనం ఐదారేళ్ళకోసారి చేస్తాం. ఎదురుగా కూర్చుని మాటల్లో వాణ్ణి ఓడించడం అసాధ్యం. కాబట్టి ఎదురుగా కూర్చోకుండానే పని కానివ్వాలి.

మొదటి పని, ఆదివారం వెళ్ళండి. టెక్సాస్ చట్టం ప్రకారం కార్ల డీలర్లు శనీ ఆదీ రెండు రోజులూ వరసగా తెరవకూడదు. ఎక్కువమంది ఆదివారమే మూస్తారు. లాట్ అంతా తాపీగా తిరిగి అద్దం మీద అంటించిన స్టిక్కర్లన్నీ చదువుకోవచ్చు, వెనకాల ఎవడూ పడడు. ఆ స్టిక్కర్ పేరు మన్రోనీ. ఒక్లహోమా సెనేటర్ మైక్ మన్రోనీ తెచ్చిన 1958 నాటి చట్టం వల్ల వచ్చింది. కంపెనీ చెప్పిన ధర, ఫ్యాక్టరీలో బిగించినవి, రవాణా చార్జీ అన్నీ అందులో ఉంటాయి. దాని పక్కనే డీలర్ సొంతంగా ఇంకో కాగితం అంటిస్తాడు చూడండి - టైర్లలో నైట్రోజన్, రంగు మీద పూత, అద్దాల మీద నంబరు చెక్కడం - అదంతా గాలి కబురే. (నైట్రోజన్ అయితే అక్షరాలా గాలే. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే!)

రెండోది, ట్రిమ్ తేల్చుకోండి. ఎఫ్-150 అంటే ఒక బండి కాదు. ఎక్స్ ఎల్, ఎక్స్ ఎల్ టీ, లారియట్, కింగ్ రాంచ్, ప్లాటినం అంటూ మెట్లున్నాయి, అడుగు మెట్టుకీ పై మెట్టుకీ తేడా వేలల్లో ఉంటుంది. "ఇంకో నలభై డాలర్లు వేసుకుంటే లెదర్ సీట్లు వస్తాయి సార్" అని మెట్టు ఎక్కించడమే వాళ్ళ పని. ఏ మెట్టు మీద నిలబడాలో ఇంట్లోనే రాసిపెట్టుకోవాలి.

మూడోది, అసలైంది. నేను కిందటేడు కొన్నప్పుడు ఏడుగురు డీలర్లకి ఒకటే ఈమెయిల్ పంపాను. ఫలానా ట్రిమ్, ఫలానా ఇంజను, పన్నూ ఫీజులూ అన్నీ కలిపి చేతికి తాళాలిచ్చే ధర ఎంత? అంతే. ఇద్దరు జవాబివ్వలేదు. ఇద్దరు "ఒకసారి వచ్చి కలవండి" అన్నారు, వాళ్ళకో నమస్కారం. మిగిలిన ముగ్గురి మధ్య అదే బండికి 3,100 డాలర్ల తేడా! తక్కువ చెప్పినవాడి మెయిల్ మిగతా ఇద్దరికీ పంపితే ఒకడు ఇంకో 600 దిగాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, మేనేజర్ ని అడిగొస్తానని ఎవరూ లోపలికెళ్ళి కాఫీ తాగి రాలేదు.

ఇన్ వాయిస్ ధర చూపించి "ఇదిగో, నాకేమీ మిగలట్లేదు" అంటే జాలి పడకండి. చాలా కంపెనీలు బండి అమ్ముడయ్యాక డీలర్ కి కొంత శాతం వెనక్కిస్తాయి, హోల్డ్ బ్యాక్ అంటారు. ఆ పైన అమ్మకాల టార్గెట్ల బోనస్ వేరే. నెలాఖరున ధరలు దిగేది అందుకే.

పాత కారు మార్చేటప్పుడు దాని బేరం వేరు, కొత్తదాని బేరం వేరు. రెండూ కలిపితే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట లాగేస్తాడు. అయితే ఒక చిన్న లెక్క. టెక్సాస్ లో 6.25 శాతం పన్ను, పాత కారు విలువ పోగా మిగిలినదాని మీదే వేస్తారు. కాబట్టి డీలర్ 12,000 ఇస్తే అది మీకు 12,750తో సమానం. బయటెవరో 12,500 ఇస్తానన్నారని పరిగెత్తక్కర్లేదు.

ధర తేలాక సంతకాలకని ఇంకో గదిలోకి తీసుకెళ్తారు. అసలు వేట అక్కడే. బ్యాంకు మీకు 6 శాతానికి ఒప్పుకున్నా, డీలర్ దాన్ని 7 అని చెప్పి తేడాలో వాటా తీసుకోవచ్చు, అది మామూలు వ్యవహారమే. పైన చెప్పిన 60 నెలల లోనులో ఆ ఒక్క శాతం విలువ 1,264 డాలర్లు. మీరు రెండు గంటలు పోట్లాడి తగ్గించిన ఐదొందలు ఎక్కడికి పోయాయో అర్థమైందా? మందు ఒకటే, క్రెడిట్ యూనియన్ లో ముందే లోను ఒప్పించుకుని ఆ కాగితం జేబులో పెట్టుకెళ్ళడం. అంతకన్నా తక్కువిస్తే తీసుకుందాం, లేదంటే మన కాగితం మనకుంది. ఎక్స్ టెండెడ్ వారంటీ గురించి "ఈ రోజు కాకపోతే మళ్ళీ దొరకదు" అంటే నమ్మక్కర్లేదు, ఫ్యాక్టరీ వారంటీ ఉన్నంతకాలం తర్వాతైనా కొనుక్కోవచ్చు. సంతకం పెట్టేశాక మూడు రోజుల్లో వెనక్కివ్వచ్చనే మాట కూడా నమ్మకండి. షోరూంలో కొన్న కారుకి ఆ ఫెడరల్ నిబంధన వర్తించదు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? మన సంగతి వేరు కాబట్టి. హెచ్-1బీ మూడేళ్ళకి ఇస్తారు, లోను ఏడేళ్ళకి తీసుకుంటాం. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికేది మహా అయితే 60 రోజులు. 84 నెలల లోనులో మొదటి మూడు నాలుగేళ్ళు బండి ధర కన్నా బాకీయే ఎక్కువగా ఉండటం మామూలు. అప్పుడు అమ్మాలంటే ఎదురు డబ్బు కట్టి అమ్మాలి. పెట్టే బేడా సర్దుకోవాల్సిన వేళ, పిల్లల బడి సంగతి చూసుకోవాల్సిన వేళ, పది వేల డాలర్లు చెక్కు రాసి మరీ బండి వదిలించుకోవడమంటే ఎలా ఉంటుందో ఊహించండి. 2023 లేఆఫ్ లలో ఈ పరిస్థితిలో పడినవాళ్ళని దగ్గర్నుంచి చూశాను. కాబట్టి నా దృష్టిలో మంచి ధర అంటే అతి తక్కువ ధర కాదు, ఏ రోజైనా అమ్మేసి అప్పు లేకుండా బయటపడగలిగే ధర.

ఇక, ఇదంతా బేరగాళ్ళ తెలివితేటల సంగతిలా చెప్పుకోవడం కూడా నాకిష్టం లేదు. ఇయాన్ ఐర్స్ అనే ప్రొఫెసర్ షికాగో ప్రాంతంలో పరీక్షకుల్ని డీలర్ల దగ్గరికి పంపి, అందరి చేతా ఒకే రకంగా బేరం ఆడించి, 1991లో ఫలితాలు ప్రచురించాడు. తెల్ల మగవాళ్ళకి చెప్పిన ధర కన్నా ఆడవాళ్ళకీ, నల్లవాళ్ళకీ ఎక్కువ చెప్పారు. అంటే మనకి తగ్గే ప్రతి డాలరూ బేరం రానివాడి దగ్గర వసూలవుతుందన్నమాట. ఆ బేరం రానివాడు నిన్న మొన్న విమానం దిగిన మన తమ్ముడే కావచ్చు. ధర మొత్తం ముందే చెప్పాలి, పనికిరాని వస్తువులు అంటగట్టకూడదు అంటూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నియమం తెచ్చింది. పద్ధతి ప్రకారం తేలేదని 2025 జనవరిలో ఐదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కొట్టేసింది.

చట్టం ఆదుకోనప్పుడు మనకి మిగిలింది ఒకటే, ఒకరికొకరు చెప్పుకోవడం. మనవాళ్ళు కారు కొంటే ఫేస్ బుక్ లో ఫోటో పెడతారు, కొబ్బరికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఎంతకి కొన్నారో, ఎంత వడ్డీకో మాత్రం చెప్పరు. జీతం సంగతి దాచుకోండి, నేనేం అనను. ట్రక్ కి ఎంత కట్టారో దాచితే లాభపడేది డీలర్ ఒక్కడే.