మందగమనము సోమరితనమేనా?

సాహిత్యము బోధించు మేము శరీరశాస్త్రమును గూర్చి కలము పట్టుట విజ్ఞానశాఖలోని మిత్రులకు వింతగా తోచవచ్చును. కారణము లేకపోలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో ఒక విద్యార్థిని ఉండెడిది. మొదటి సంవత్సరములో పద్యము అప్పజెప్పుటలో అందరికంటె ముందుండిన ఆ బాలిక రెండవ సంవత్సరము వెనుక బల్లకు చేరినది. ప్రశ్న అడిగినచో సమాధానము ఎంతో ఆలస్యముగా వచ్చెడిది. గొంతు బొంగురుపోయినది. ఎండలు ముదిరిన తరువాత కూడ శాలువ కప్పుకొని కూర్చుండెడిది. ఒకనాడు పాఠము నడుమ ఆమె కునుకు తీయగా, "నీవు చదువుకు రాలేదమ్మా, విశ్రాంతికి వచ్చినావు" అని అందరి యెదుట అంటిమి. తరగతి నవ్వినది. ఆమె తల వంచుకొన్నది. పిమ్మట రాకపోకలు తగ్గినవి. హాజరు చాలక ఆ యేడు పరీక్షకు కూర్చొననీయలేదు. ఇంటిలోను ఆమెకు పనిదొంగ అను పేరే వచ్చినదట. చివరకు ఒక వైద్యురాలు రక్తపరీక్ష చేయించి చెప్పినదేమనగా, ఆ పిల్ల మెడలోని అవటు గ్రంథి చాలినంత థైరాక్సిన్‌ను తయారుచేయుట లేదు.

ఆ గ్రంథిని గూర్చి మేము చదువుట ఆనాడే మొదలైనది.

లాలాజలము వంటి స్రావములు నాళము గుండా తమ చోటికి పోవును. అవటు గ్రంథి వంటివానికి నాళము లేదు. అవి తమ స్రావమును నేరుగా రక్తములో కలుపును. కావుననే వానికి వినాళ గ్రంథులని పేరు. ఆ స్రావములకు 'హార్మోను' అను పేరును 1905లో స్టార్లింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాడుకలోనికి తెచ్చెను. కదలించు, పురికొల్పు అను అర్థముగల గ్రీకు ధాతువునుండి అది పుట్టినది. (మాటల సంగతి వచ్చినది గనుక ఒకటి చెప్పక మానలేము. థైరాయిడ్ అను గ్రీకు మాటకును, ఉర్దూ వైద్యగ్రంథములలోని 'దర్ఖియా' అను మాటకును మూలము డాలే. మన 'అవటువు'నకు మాత్రము నిఘంటువులలో మెడ వెనుక భాగమని అర్థము. గ్రంథి ఉన్నదేమో మెడకు ముందు!) మనుష్యుని రక్తమంతటిలో ఏ క్షణమందైనను ఉండు థైరాక్సిన్ ఒక మిల్లీగ్రాము నిండదు. గుండె వేగము, ఒంటి వేడి, ప్రేగుల కదలిక, ఆలోచన చురుకుదనము ఆ కొలతపైన ఆధారపడియున్నవి.

ఈ కొలతను కాపాడు ఏర్పాటు మమ్ము ఆశ్చర్యపరచినది. మన చెరువుల క్రింద నీరటికాడు మడిలోని నీటిమట్టమును చూచి తూము తెరచును, మూయును. ఇచట ఆ పని పీయూష గ్రంథిది. రక్తములో థైరాక్సిన్ తగ్గినచో అది టి.ఎస్.హెచ్. అను ఉత్తేజక హార్మోనును ఎక్కువగా పంపి అవటు గ్రంథిని పని చేయుమని తొందరపెట్టును. పెరిగినచో తానే తగ్గును. పీయూష గ్రంథికి పైన మెదడులోని హైపోథాలమస్ ఆజ్ఞ కలదు. అయితే థైరాక్సిన్ తయారీకి అయోడిన్ అవసరము. ఒక్కొక్క అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉండును. తిండిలో అయోడిన్ లేనపుడు పీయూష గ్రంథి ఎంత పురికొల్పినను సరుకు లేని కార్ఖానా ఏమి చేయగలదు? ఆ ఒత్తిడికి అవటు గ్రంథి తానే పెరిగి, మెడ వాచును. అదే గళగండము. పైకి వికారముగా కనబడు ఆ వాపు, నిజమునకు గ్రంథి పడిన అధికశ్రమ. మేము సోమరియని నిందించిన బాలిక దేహములోను పీయూష గ్రంథి పగలనక రాత్రియనక తొందరపెట్టుచునే యున్నది. ఆమె రక్తములో టి.ఎస్.హెచ్. అధికముగా కనబడుటకు అర్థమిదియే.

గళగండమును మన దేశములో సామాన్యమైన ఉప్పుతో అరికట్టవచ్చునని చూపినవారిలో ప్రముఖులు శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములో వైద్యము చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. 1956లో హిమాలయ పాదమునగల కాంగ్రా లోయను వారు, వారి సహచరులు మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును ఇప్పించిరి. 1962 నాటికి ఆ రెండు మండలములలో గళగండము ఎంతో తగ్గినది, మూడవదానిలో తగ్గలేదు. ఆ యేడే జాతీయ గళగండ నివారణ కార్యక్రమము మొదలైనది. పెద్దలకు రోజునకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే. మా వసతిగృహపు వంటశాలలో ఉప్పు డబ్బా మూత లేక పొయ్యి ప్రక్కన ఉండుట చూచితిమి. వేడికి, తేమకు అయోడిన్ తగ్గిపోవును. వార్డెను గారు గమనింతురు గాక.

ఉప్పు మార్చినంత మాత్రమున అన్నియు నయమగునని తలంపరాదు. అయోడిన్ చాలినంత దొరకు చోట్ల ఈ లోపమునకు ముఖ్యకారణము శరీరపు రక్షణశక్తియే తన గ్రంథిపై తిరుగబడుట. ఇది స్త్రీలలో మిక్కిలి ఎక్కువ. చికిత్స మాత్రము సులభము. 1891లో ముర్రే అను ఆంగ్ల వైద్యుడు గొర్రె అవటు గ్రంథి రసమును ఒక రోగిణికి ఎక్కించగా ఆమె మరి 28 ఏండ్లు జీవించినది. నేడు ఉదయము పరగడుపున మ్రింగు చిన్న మాత్ర చాలును. అయితే గుణము వారములమీద గాని కనబడదు.

చదువని ప్రతివాడును ఇకమీదట హార్మోనులను సాక్ష్యమునకు పిలుచునేమో అని ఒక సహోపాధ్యాయుడు పరిహసించెను. రక్తపరీక్షకు అబద్ధమాడుట తెలియదు. ఆ భయము మాకు లేదు. మా భయము వేరు. అనారోగ్య కారణమున హాజరు లోపమును మన్నించుటకు వైద్యుని పత్రము గైరుహాజరు దినములలోనే తీసికొన్నదై ఉండవలెనని మన నిబంధన. జ్వరమునకు, విరిగిన చేతికి అది తగును. ఈ రోగము నెలల తరబడి, కొందరిలో ఏండ్ల తరబడి చాటుగా పెరిగి, బయటపడునప్పటికి విద్యార్థి ఎన్నో దినములు పోగొట్టుకొనును. పత్రము తరువాతి తేదీతోనే వచ్చును. ఆ బాలిక దరఖాస్తు త్రోసివేయబడుటకు కారణమిదే. ఆమె తండ్రి మరల ఒక యేడు రుసుము చెల్లించెను. ఆమె తనకంటె చిన్నవారితో కూర్చుండి చదివి ఉత్తీర్ణురాలయ్యెను.

కమిటీవారిని మేము కోరునది రెండు మాటలు. దీర్ఘరోగముల విషయమున తరువాతి తేదీగల పత్రమును సైతము వైద్యుని వివరణతో అంగీకరింపవలెను. హాజరు తగ్గిన విద్యార్థి ఇంటికి హెచ్చరిక పంపుటకు ముందు, ఒక అధ్యాపకుడు ఆ విద్యార్థిని పిలిచి ఆరోగ్యము విచారింపవలెను. అందుకు పైకము అక్కరలేదు. నిబంధన సవరణ ముసాయిదాను వ్రాసి కార్యాలయములో ఇచ్చియున్నాము. జూన్ ప్రవేశములకు ముందు జరుగు సమావేశములో దానిని చర్చకు తీసికొందురని ఎదురు చూచుచున్నాము.