ముందు టేపు, తరవాత ఫ్రేము

కొండదారుల్లో తొక్కే సైకిలును, అంటే మౌంటెన్ బైకును, షాపులో తయారుగా ఉన్నది కొనకుండా ఫ్రేము విడిగా, చక్రాలు విడిగా, గేర్లు విడిగా తెచ్చుకుని సొంతంగా బిగించుకోవాలని మీలో కొందరికి సరదా ఉంటుంది. మంచి సరదాయే. తన సైకిలు తాను బిగించుకున్నవాడికి యంత్రాల చదువు సగం వచ్చినట్టే. అయితే ఈ సరదా పుట్టిన పిల్లలు మొట్టమొదట వేసే ప్రశ్న మటుకు నాకు నచ్చదు. "మాస్టారూ, ఏ లోహం మంచిది? స్టీలా, అల్యూమినియమా, కార్బనా?" అంటారు. ఆ వెంటనే "ఎన్ని కిలోలుండాలి?" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళనడిగితే ఇంకో మాట చెబుతారు: "ఎదిగే పిల్లాడివి, ఒక సైజు పెద్దది తీసుకో." ఈ మూడూ దారి తప్పించే మాటలే అని నా అభిప్రాయం. మూడోదానివల్ల దెబ్బలు కూడా తగులుతాయి.

చొక్కా ఒక సైజు పెద్దదైతే చేతులు మడుచుకోవచ్చు. ఫ్రేముకి మడత లేదు. "మా చిన్నప్పుడు నాన్నగారి పెద్ద సైకిలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం, ఏమైంది?" అని పెద్దలు అడుగుతారు. మా తరం అంతా అలా నేర్చుకున్నదే, కాదనను. కాని అది చదునైన ఊరి వీధి. కొండ ఏటవాలులో చక్రం రాయికి తగిలి ఆగినప్పుడు మీరు చటుక్కున కాలు దించాలి. పల్లంవైపు నేల కిందికి పోయి ఉంటుంది. కాలు అందేలోగా ఒంటి బరువంతా పై కడ్డీ మీద పడుతుంది. ఆ నొప్పి ఎలాంటిదో వివరించనక్కర్లేదు. అంచేత కడ్డీకి చెరోపక్క పాదాలుంచి, చెప్పులతోనే నేలమీద నిటారుగా నిలబడి చూడండి. కడ్డీకీ మీ లాగుకీ నడుమ కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే ఆ ఫ్రేము ఎంత చవకగా వచ్చినా మీది కాదు.

రెండో కొలత కొంచెం సూక్ష్మం. పెడళ్ళ ఇరుసు మధ్యనుంచి, తాపీమేస్త్రీ గుండు వేలాడదీసినట్టు, నిలువుగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీతనుంచి హ్యాండిల్ దూరే గొట్టం పైకొన వరకూ అడ్డంగా ఎంత దూరమో అదే 'రీచ్'. ఫ్రేములు అమ్మేవాళ్ళు దీన్ని మిల్లీమీటర్లలో పట్టికలో ఇస్తారు. సీటును పైకీ కిందికీ జరుపుకోవచ్చు గాని ఈ దూరాన్ని మార్చలేరు. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్‌ను మార్చి ఏ రెండు మూడు సెంటీమీటర్లో సర్దుకోవాలి, అంతే. రీచ్ మరీ ఎక్కువైతే దిగుడులో ఒంటిని వెనక్కి జరపడానికి చేతులు చాలవు. ముందుచక్రం మీద బరువు మొగ్గి, బ్రేకు గట్టిగా పట్టగానే పల్టీ కొడతారు. మీకు హాయిగా అనిపించే సైకిలు ఏ స్నేహితుడి దగ్గరైనా ఉంటే దాన్ని గోడకి నిటారుగా నిలబెట్టి, దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి, ఈ దూరం కొలిచి రాసుకోండి. ఏ ప్రకటనకన్నా ఆ అంకె మీకు ఎక్కువ ఉపయోగం.

మరి ఎదిగే పిల్లల సంగతేమిటి? ఏటేటా ఫ్రేము కొనగలమా? ప్రశ్న న్యాయమైనదే. పై కడ్డీ వెనక్కి బాగా వాలి ఉండే ఫ్రేము తీసుకుంటే, ఇవాళ సీటు కిందికి దించుకుని, ఎదిగినకొద్దీ సీటు పిల్లరును పైకి లాగుకోవచ్చు. పిల్లరు మీద ఒక గీత గీసి ఉంటుంది. అది బయటికి కనిపించేంత మటుకు లాగకూడదు. రెండు మూడేళ్ళకి మీకు చాలకపోతే తమ్ముడికో చెల్లెలికో సరిపోతుంది.

కొలతలయ్యాక ఆకారం. ఈ విషయంలో నాకు నచ్చిన ఉదాహరణ ఈ రకం సైకిలు పుట్టుకే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మరీన్ కౌంటీ అని కొండల సీమ ఉంది. 1970ల్లో అక్కడి కుర్రాళ్ళు 1930లు, 40లనాటి పాత లావు టైర్ల సైకిళ్ళు ఏరి తెచ్చుకుని మట్టిదారుల్లో కొండ దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరులో పందెం కూడా పెట్టుకున్నారు. దాని పేరు 'రీప్యాక్'. వెనకచక్రంలోని బ్రేకు వేడెక్కి, అందులోని గ్రీజంతా పొగై పోయేది. దిగాక మళ్ళీ గ్రీజు కూరుకోవాలి. ఆ పేరు అలా వచ్చింది.

ఆ పందెగాళ్ళలో జో బ్రీజ్ అనే ఫ్రేముల మేస్త్రీ 1977లో ఈ పనికోసమే ప్రత్యేకంగా ఒక ఫ్రేము తయారుచేశాడు. ఆయన కొత్త ఆకారం కలగనలేదు. కొండమీద చక్కగా నడుస్తుందని తేలిన పాత ష్విన్ ఎక్సెల్సియర్ కోణాలనే ఆధారంగా పెట్టుకున్నాడు. హ్యాండిల్ గొట్టంనుంచి వెనక ఇరుసుదాకా ఇరుపక్కలా ఒక్కో సన్నగొట్టం అదనంగా అతికి, ఫ్రేము మెలిపడకుండా బిగించాడు. లోహంగా క్రోమ్ మాలిబ్డినం స్టీలు వాడాడు. మొదట నడిచే ఆకారం, దాని తరవాత లోహం. వరస గమనించారా? ఆ మొదటి సైకిలు తరవాత స్మిత్సోనియన్ మ్యూజియం చేరింది.

ఇప్పుడు లోహాల దగ్గరికి వద్దాం. లోహం వంగకుండా ఎంత మొండికేస్తుందో చెప్పే అంకెను యంగ్ గుణకం అంటారు. అది స్టీలుకి సుమారు 200 గిగాపాస్కల్‌లు, టైటానియంకి 110, అల్యూమినియంకి 70. ఇంతేనా, స్టీలే గెలిచింది అనుకోకండి. సాంద్రతలు కూడా చూడాలి. ఘన సెంటీమీటరుకి స్టీలు 7.8 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. 25.6, 24.4, 25.9 వస్తాయి. బరువుకి తగ్గ బిగువు చూస్తే ముగ్గురూ అన్నదమ్ములే! ఫలానా లోహంలో ఏదో మహత్తు ఉందన్న మాట ఈ లెక్కముందు నిలబడదు.

మరి అల్యూమినియం ఫ్రేము గొట్టాలు అంత లావుగా ఎందుకుంటాయి? ఒకే సైజు కాగితాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని పెన్సిలు చుట్టూ, రెండోదాన్ని బొటనవేలు దూరేంత లావుగా చుట్టి, అంచులకి బంక పెట్టండి. రెండు పుస్తకాల దొంతరల మీద వంతెనలా ఆనించి, మధ్యలో ఒకే బరువు వేలాడదీయండి. లావు గొట్టం తక్కువ వంగుతుంది. బరువు పెంచకుండా గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే, గోడ పల్చబడినా, వంగని గుణం సుమారు 4 రెట్లవుతుంది. అలాగని మూడో కాగితాన్ని గ్లాసంత లావుగా చుట్టి వేలితో నొక్కి చూడండి. లొట్టపడుతుంది. సైకిలు గొట్టానికీ ఇదే చిక్కు. తేలిక లోహమైతే గోడ మరీ పల్చన చెయ్యకుండానే గొట్టం లావు పెంచవచ్చు. అల్యూమినియం లాభం అక్కడుంది.

బరువు మాట కూడా తేల్చేద్దాం. మామూలు స్టీలు ఫ్రేముకీ అల్యూమినియం ఫ్రేముకీ తేడా 700 గ్రాములనుకోండి. దాన్ని 100 మీటర్ల ఎత్తు ఎక్కించడానికి పట్టే పని 686 జౌళ్ళు. మన కండరాలు తిన్న తిండిలో పావువంతు శక్తినే పనిగా మారుస్తాయి కాబట్టి దానికి నాలుగింతలు, అంటే సుమారు 2,700 జౌళ్ళు కావాలి. ఒక్క వేరుశనగ గింజ నమిలితే అంతకన్నా ఎక్కువే వస్తుంది! పందెంలో సెకన్లు లెక్కపెట్టుకునేవాళ్ళ సంగతి వేరు. మీరు ఈ 700 గ్రాములకోసం ఇంట్లో పేచీ పెట్టకండి.

అలాంటప్పుడు ఏ లోహం తీసుకోమంటారు అంటే, నేను స్టీలే అంటాను. కారణం తీగముక్కలో ఉంది. తీగను అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది కదా. మెల్లగా, తక్కువ బలంతో లక్షలసార్లు అదిరించినా లోహం అలిసి పగులుతుంది. స్టీలుకి ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపల ఎన్నిసార్లు అదిరినా దాదాపు ఏమీ కాదు. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. చిన్న కుదుపైనా లెక్కలో చేరుతూనే ఉంటుంది. 1954లో బ్రిటన్ వారి కామెట్ జెట్ విమానాలు రెండు గాలిలోనే విచ్చిపోవడానికి కారణం వాటి తొడుగులో ఇలా పెరిగిన పగుళ్ళే. అల్యూమినియం ఫ్రేములన్నీ విరిగిపోతాయని దీని అర్థం కాదు. బాగా చేసినవి ఏళ్ళతరబడి నడుస్తాయి. కాని చేతులు మారిన అల్యూమినియం ఫ్రేము లోపల ఎంత అలిసిందో పైకి కనిపించదు. కార్బన్ ఫ్రేముకి రాయి తగిలితే పొరలు లోపల విడిపోయినా పైరంగు నిగనిగలాడుతూనే ఉండవచ్చు. స్టీలు సాధారణంగా ముందు వంగి, తరవాత విరుగుతుంది. పనితెలిసిన మేస్త్రీ దాన్ని మళ్ళీ అతకగలడు. తుప్పు దాని లోటు. వానలో తొక్కాక సీటు పిల్లరు ఊడదీసి తలకిందులుగా ఆరబెట్టాలి, లోపల నూనె పూయాలి. పాత ఫ్రేము ఏ లోహానిదైనా సరే, హ్యాండిల్ గొట్టం వెనకాల అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి చూడండి. రంగుమీద సన్నని వెంట్రుకలాంటి గీత ఉంటే దిగుడులో దాన్ని నమ్మకండి.

ఫోర్కు సంగతి ఒకటుంది. ఫ్రేము ఏ పొడవు ఫోర్కుకి తయారైందో అదే పెట్టాలి. గంభీరంగా ఉంటుందని 20 మిల్లీమీటర్లు పొడవైనది పెడితే, ఇరుసులమధ్య దూరం 1,100 మిల్లీమీటర్లనుకుంటే, 20ని 1,100తో భాగించండి. 0.018 రేడియన్లు, అంటే సుమారు 1 డిగ్రీ. ఫ్రేమంతా అంతమేర వెనక్కి తిరుగుతుంది. హ్యాండిల్ తిప్పే తీరు మారుతుంది, ముందు అతుకుల మీద బలం పెరుగుతుంది.

చివరిగా, టేపు చాలని చోటొకటి ఉంది. సీటు పిల్లర్లు 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు, ఇలా రకరకాల వ్యాసాల్లో వస్తాయి. 27.2 పట్టే ఫ్రేములో 27.0 పిల్లరు సులువుగా దూరుతుంది, బిగిసినట్టే కనిపిస్తుంది, రాళ్ళ దారిలో కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. ఈ 0.2 మిల్లీమీటర్ల తేడా పట్టుకోవడానికి వెర్నియర్ కాలిపర్స్ కావాలి. అది మీ బడి లాబొరేటరీ బీరువాలో ఉండే ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుందో మీ సైన్సు మాస్టారినడగండి.