బండి మీద పనికొచ్చే కాలికి బూట్లు



మన సత్రపట్టి మరమగ్గాల మీద నేసిన బ్యాండేజి గుడ్డ ఎక్కడెక్కడి ఆసుపత్రులకో పోతుంది. ఆ గుడ్డ నేసేవాళ్లం, దానికి నూలు తీసేవాళ్లం మనమే. అదే గుడ్డ మన కాళ్లకు చుట్టుకోవలసిన అవసరం రాకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

షిఫ్టు మారే వేళ రాజపాళయం రోడ్డు పక్కన నిలబడి చూడండి. తలకు హెల్మెట్ ఉన్నవాడి కాలికి కూడా రబ్బరు చెప్పే కనబడుతుంది. బండి పక్కకు ఒరిగితే ముందుగా దాని కింద పడేది కాలు. చెప్పు జారిపోతుంది, చీలమండ రోడ్డుకూ బండికీ మధ్య నలుగుతుంది. రింగ్ ఫ్రేముల మధ్య షిఫ్టంతా నడిచే సైడరుకు చీలమండ విరిగితే పోయేది నడక ఒక్కటే కాదు, కూలి కూడా పోతుంది.

బూట్లంటే పోలీసులకూ డబ్బున్నవాళ్లకూ అని కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. సెల్‌ఫోను మార్చడానికి వెనకాడని మనం కాళ్ల దగ్గర మాత్రం ఎందుకు లెక్కలు వేస్తాం?

కొట్లో మెరుపు చూసి మోసపోవద్దు. బూటు చీలమండ ఎముకను దాటి కనీసం రెండు మూడు వేళ్లు పైకి రావాలి. ఎముక ఉన్న చోట రెండు పక్కల నుంచీ వేళ్లతో నొక్కండి, లోపల గట్టి పొర తగలాలి. మడమనూ ముందు భాగాన్నీ పట్టుకుని మెలితిప్పండి. తడిబట్ట పిండినట్టు మెలి తిరిగేది బండికి పనికిరాదు. అడుగు అట్టను జిగురుతో మాత్రమే అంటించారా, చుట్టూ కుట్టు కూడా వేశారా అని చూడండి. కుట్టున్నది ఎక్కువ కాలం వస్తుంది, అరిగితే అట్ట మార్పించుకోవచ్చు. పీయూ అట్ట తేలికగా ఉంటుంది గానీ ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉంటే పొడిపొడిగా రాలిపోతుంది. చవకగా వచ్చిందని పాత సరుకు కొనవద్దు.

కొనడానికి షిఫ్టు దిగాకే వెళ్లండి. ఎనిమిది గంటలు నిలబడిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది, అప్పుడు సరిపోయిన బూటే రేపూ సరిపోతుంది. మనం వడికే నూలుతో అల్లిన మేజోళ్లు తొడుక్కునే చూడండి. ముందు వేళ్లు ఆడాలి, వెనక మడమ లేవకూడదు. తర్వాత మీ బండి మీదే కూర్చుని గేరు వేసి చూడండి. ముక్కు మరీ లావైతే గేరు కింద దూరదు, బ్రేకు ఎంత నొక్కామో కాలికి తెలియదు. ఎడమ బూటు పైన గేరు రాసుకునే చోట అదనపు తోలు ముక్క ఉంటే మంచిది. లేసుల చివర్లు వేలాడకుండా లోపలికి దోపాలి. ఎడమ లేసు గేరుకు చిక్కితే బండి ఆపే వేళ కాలు కింద పెట్టలేం.

ఫ్యాక్టరీ సేఫ్టీ బూట్లు చాలవా అని చాలామంది అడుగుతున్నారు. ఐఎస్ 15298 నంబరుతో ఐఎస్‌ఐ గుర్తున్న సేఫ్టీ బూటు ముక్కు 200 జౌళ్ల దెబ్బకు ఓర్చుకునేలా తయారవుతుంది. అది మీద బరువు పడడానికి పెట్టిన లెక్క. రోడ్డు మీద రాసుకుపోవడం, పక్కల నుంచి నలగడం వేరే సంగతి. వాటిని పరీక్షించేది బండి నడిపేవారి బూట్ల కోసం యూరప్‌లో పెట్టిన ఈఎన్ 13634 ప్రమాణం. ఊళ్లోంచి మిల్లుకు వచ్చిపోయేవారికి చీలమండ దాటిన సేఫ్టీ బూటు చెప్పుకన్నా ఎన్నో రెట్లు మేలు. సీజన్‌లో తెన్‌కాశి మీదుగా కుర్తాళం పోయే కుర్రవాళ్లు మాత్రం రైడింగ్ బూట్లే కొనాలి. నీరు చొరని బూటు ఆ చినుకుల్లో హాయిగా ఉంటుంది, మన చిత్తిరై ఎండలో కాలును ఉడకబెడుతుంది. ఒక్క జతే కొనగలిగితే తోలుది కొనండి. తడిస్తే లోపల పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలోనో పొయ్యి దగ్గరో పెడితే తోలు పగులుతుంది.

ఇంకో మాట. పనికి వచ్చిపోయే దారిలో జరిగిన ప్రమాదాన్ని పనిలో జరిగినట్టే చూడాలని 2010లో ఈఎస్‌ఐ చట్టాన్ని సవరించారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అయితే సమయం, చోటు, పరిస్థితి పనితో ముడిపడినవని చూపాలి. కాబట్టి దెబ్బ తగిలిన రోజునే ఆసుపత్రి చీటీలో ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది రాయించండి, మిల్లుకూ యూనియన్‌కూ కబురు పెట్టండి.

రాత్రి షిఫ్టుకు రమ్మనే యాజమాన్యం ఆ దారిలో కాలికి అయ్యే ఖర్చులో పాలు పంచుకోవాలి. వచ్చే వేతన ఒప్పందంలో యూనిఫారంతో పాటు ఏటా ఒక జత బూట్ల అలవెన్సు అడుగుతాం, రోజుకూలీలకూ మహిళలకూ కలిపే అడుగుతాం. అది తేలేదాకా ఆగకండి. దీపావళి బోనస్ చేతికి రాగానే, పటాకుల కొట్టుకు పోకముందే, బూట్ల కొట్టుకు పోండి.