ఒక్క సీటు

మొక్కజొన్న చేల మధ్య మా గ్లైడర్ ఫీల్డ్ గురించి ఇదివరకు రాశాను కదా. అక్కడ పరిచయమైన పెద్దాయన ఒకరు, "మా గరాజ్‌లో సగం కట్టిన హెచ్‌పి-18 ఉంది, తీసుకుంటావా?" అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం: ఇది ఇంజను లేని, ఒక్క మనిషే పట్టే విమానం. డిజైన్ చేసింది రిచర్డ్ ష్రెడర్, మా ఒహైయోలోనే, బ్రయన్ అనే చిన్న ఊళ్ళో. నేవీలో పైలట్‌గా చేసినవాడు. తను కట్టుకున్న గ్లైడర్లతోనే అమెరికా జాతీయ పోటీలు గెలిచాడు. 1970లలో ఈ మోడల్‌ని కిట్‌గా అమ్మాడు. సగానికి పైగా పని ఔత్సాహికులే చేస్తే ప్రభుత్వం 'ఎక్స్‌పెరిమెంటల్' కింద అనుమతి ఇస్తుంది. ఆ మాటని ఎక్కే చోట కనీసం రెండంగుళాల అక్షరాలతో రాయాలి. మా ఆవిడ చదవకుండా ఉండటానికి అది చాలా పెద్ద సైజు!

నాకసలు గుబులు దిగడం దగ్గర. నేను నేర్చుకున్న గ్లైడర్లలో దిగేటప్పుడు రెక్క మీద పలకలు పైకి లేస్తాయి. ఇందులో అవి లేవు. రెక్క వెనక ఫ్లాప్‌లు దాదాపు నిటారుగా కిందికి దిగుతాయి. నేల దగ్గర తొందరపడి వాటిని మూసేస్తే గ్లైడర్ ధబ్బున కూలబడుతుంది. అది చేయి పట్టి నేర్పాల్సిన సంగతి. నేర్పేవాడు కూర్చోడానికి రెండో సీటేదీ? మొదటిసారి ఎక్కడమే ఒంటరిగా ఎక్కడం.

పోయిన శనివారం వెళ్ళి చూశాను. రెక్కలు రెండూ దుప్పట్ల కింద ఉన్నాయి. కొస నుంచి కొసకి 15 మీటర్ల రెక్కలు గరాజ్‌లో ఎలా పట్టాయంటే, విడివిడిగా, ఐమూలగా. ఈ రెక్కలో లోపలి పక్కటెముకలు నురుగు పదార్థంతో చేసినవి. వాటి మీద అల్యూమినియం రేకు జిగురుతో అంటిస్తారు. మూసేశాక లోపల ఏముందో పైకి కనపడదు.

పెద్దాయన ఓ నోట్‌బుక్ తెచ్చాడు. ఏ పక్కటెముక ఏ రోజు అంటించాడో, ఆ రోజు గరాజ్‌లో ఎంత చలో, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఎడమ రెక్కలో ఒకదాని పక్కన మాత్రం 'మళ్ళీ చూడాలి' అని ఉంది.

"చూశారా?" అన్నాను.

చాలాసేపు ఆ పేజీ వంకే చూశాడు. "గుర్తు లేదయ్యా" అన్నాడు.

బేరం మాట ఇంకా రాలేదు. వచ్చే శనివారం రమ్మన్నాడు. అక్కడ రేకు విప్పి చూద్దామట, రెక్క తిరగేయడానికి ఇద్దరు మనుషులు కావాలట.