పాతకారూ – పాఠపరిష్కరణమూ



ముప్ఫైఅయిదేళ్లు సంధులూ సమాసాలూ చెప్పుకొని విశ్రాంతి పుచ్చుకొన్న తెలుగు పండితుడికి మోటారుకార్ల గొడవ దేనికని తాము అడుగవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. క్రిందటి సంవత్సరం ఆరునెలలు ఒహాయో రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట ఉన్నాను. మా అల్లుడుగారు ఆఫీసునుండి రాగానే నీలిరంగు పాతచొక్కా తొడుక్కొని కారుషెడ్డులోకి పోయేవారు. రాత్రి భోజనానికి పిలిస్తే ఒళ్లంతా గ్రీజుతో వచ్చేవారు.

ఆ షెడ్డులో ఉన్నది 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో తయారైనది. రెండే సీట్లు, గుడ్డటాపు, 1296 సీసీ ఇంజను. రెండిళ్ల అవతల ఉండే ఒక వృద్ధురాలు, భర్త పోయిన తరువాత దానిని చూస్తూ ఊరుకోలేక స్వల్పమూల్యానికి ఇచ్చివేసింది.

నేను షెడ్డు గడప తొక్కింది కుతూహలంకొద్దీ మాత్రమే. కాని ఆయన ముందుభాగం తెరిచేసరికి నిలుచుండిపోయాను. మడ్గార్డులతో సహా ముందరి రేకంతా మొసలి నోరులాగ ముందుకు లేచింది. నా చిన్నతనంలో మా ఊరి డాక్టరుగారి స్టాండర్డ్ హెరాల్డు కూడా అచ్చం అలాగే తెరుచుకొనేది. బడికి పోయే పిల్లలమందరమూ ఆగి చూసేవాళ్లం. అల్లుడుగారిని అడిగితే చెప్పారు: 1961నుండి మదరాసులో తయారైన ఆ హెరాల్డుకూ, 1962లో పుట్టిన ఈ స్పిట్‌ఫైరుకూ రూపకర్త ఒకడే, ఇటలీవాడైన మికెలొట్టి. హెరాల్డు చట్రాన్ని కుదించి, మార్చి దీనికి వాడుకొన్నారట. సముద్రాల అవతల జ్ఞాతి దొరికినట్లయింది.

ఇక అసలు సంగతి. ఒహాయోలో శీతకాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఇనుముకు అంతకన్న శత్రువు లేదు. ఈ కారులో తలుపు క్రింద గడపలాగ నిడుపుగా ఒక రేకుపెట్టె ఉంటుంది. దానిని సిల్లు అంటారు. హెరాల్డు చట్రానికి పక్కబద్దీలు ఉండేవి. స్పిట్‌ఫైరు చట్రం వెన్నెముకలాగ నడుమనే ఉంటుంది గనుక, బండి బిగువులో చాలాభాగం ఈ సిల్లులదే. లోపల ఒక రేకు, నడుమ బలానికొకటి, వెలుపల ఒకటి. మూడూ తుప్పుపట్టి, స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడాల్లాగ విరిగిపోతున్నాయి.

సిల్లు కోసేముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుపకడ్డీలు వెల్డింగు చేసి బిగించుకోవాలి. లేకుంటే నడుము కుంగి తలుపు పట్టదు. అల్లుడుగారు ఎడమవైపు ఆ కడ్డీలు లేకుండానే కోశారు. చట్రం పట్టి ఉంచుతుందిలే అనుకొన్నారు. కొత్త సిల్లు అతికి చూస్తే తలుపు వేలెడు దూరంలో ఆగిపోయింది. మూడునెలల పని బూడిదపాలు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

మరునాడు, “మామయ్యగారూ, అరిజోనాలో తుప్పులేని పెంకు అమ్మకానికి ఉంది. తెచ్చి చట్రంమీద బిగించేస్తాను, గొడవ వదిలిపోతుంది” అన్నారు. ఎడారిలో ఇనుము చెడదు కాబట్టి అది తెలివైన మాటే. నేను మాత్రం వద్దన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే నా పాపం ఒకటి ఒప్పుకోవాలి.

మా తాతగారు మా గ్రామదేవాలయపు రథోత్సవంమీద ఒక ద్విపద వ్రాసుకొన్నారు. తాళ్లతో కుట్టిన నోటుపుస్తకం. 1984లో, కొత్తగా భాషాప్రవీణ పట్టా చేతికి వచ్చిన పొగరుతో, దానిని అచ్చుకు సిద్ధం చేయ బూనుకొన్నాను. ఆయన చక్రాన్ని ‘బండికల్లు’ అన్నారు. చక్రపు కడ్డీలను మా ఊరి వడ్రంగులు అన్నట్లే ‘ఆకులు’ అన్నారు. నేను వాటిని దిద్ది ‘చక్రము’, ‘అరములు’ అని పెట్టాను. గణాలు సరిపోనిచోట నా పాదాలు ఇరికించాను. శుభ్రమైన ప్రతి తయారైంది. చెదలు పట్టిన అసలుప్రతిని ఆ సంక్రాంతికి భోగిమంటలో వేశాను. అచ్చూ జరుగలేదు. ఇప్పుడు నావద్ద ఉన్నది ఎవరి ద్విపదో నాకే తెలియదు.

బ్రౌనుదొర పండితులకు జీతాలిచ్చి ప్రతులన్నీ పోల్చి చూపించాడని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! చెప్పడం వేరు.

మా అమ్మాయి ఊరుకోలేదు. “బ్రేకు గొట్టాలు కొత్తవి, టైర్లు కొత్తవి, వైర్లు కొత్తవి. ఇంకేమి మిగిలిందని మీ పట్టుదల, నాన్నగారూ?” అంది. మిళిందరాజును నాగసేనుడు అడిగిన ప్రశ్నే అది. ఇరుసు రథమా, చక్రం రథమా అని. నాగసేనుడికి జవాబు చెప్పే శక్తి నాకు లేదు. అయితే ప్రాణాలతో ముడిపడిన భాగాల విషయంలో నాకు మొహమాటం లేదు. బ్రేకులూ, పెట్రోలు గొట్టాలూ కొత్తవే ఉండాలి. పాతరబ్బరు ఇప్పటి ఎథనాలు కలిపిన పెట్రోలుకు ఆగదు. అక్కడ పాతదనాన్ని ప్రేమించడం మూర్ఖత్వం. పెంకు సంగతి వేరు. డిక్కీ లోపలి రేకుమీద ఆ పెద్దాయన పెన్సిలుతో, ఆయిలు మార్చిన తేదీలూ నడిచిన మైళ్లూ వ్రాసుకొన్నాడు. ఇరవైకి పైగా పంక్తులు, చివరిది 1991. అరిజోనా పెంకు వస్తే అది పాతయినుముకు పోవలసిందే. అప్పుడు దానిని బాగుచేసిన కారనవద్దు, మరొక కారనండి అన్నాను.

ప్రదర్శనలకోసం కన్నాడి మెరుగు పెట్టే వారినీ అక్కడ చూశాను. ఫ్యాక్టరీలో కూడా అంత నునుపు ఎన్నడూ లేదట! అది నాకు నా శుద్ధప్రతినే గుర్తుచేసింది.

అల్లుడుగారు రెండురోజులు మాట్లాడలేదు. ఆదివారం ఉదయం షెడ్డులో కోతమిషను చప్పుడు వినిపించింది. అతికిన సిల్లునే విప్పుతున్నారు. ఈసారి కడ్డీలు బిగించారు. నేను టేపు పట్టుకొని ప్రతి గంటకూ తలుపు ఖాళీ కొలిచి కాగితంమీద వేశాను. చేయగలిగింది అంతే. తలుపు పట్టింది, కొంచెం పైకెత్తి వేస్తే.

నేను బయలుదేరే వారంలో ఆ వృద్ధురాలు కర్ర ఊతగా వచ్చింది. రంగులేని అతుకులను చూసి ఏమీ అనలేదు. డిక్కీ తెరిపించుకొని చాలాసేపు వంగి చదువుకొంది. తరువాత, చలికాలంలో ఇది చోకు పూర్తిగా లాగితేగాని స్టార్టు కాదని అల్లుడుగారికి చెప్పి వెళ్లింది.

కుడివైపు సిల్లు ఇంకా మిగిలే ఉంది. ఈ శీతకాలం మొదలుపెడతానని మొన్న ఫోనులో చెప్పారు. కొలతల కాగితం గోడకే అంటించి ఉందట.