చూసి రావాలి, తీసుకురాకూడదు

విద్యార్థులారా! విహారయాత్ర అంటే గవ్వలు ఏరుకుని రావడమేనా? కాదంటాను. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్‌నే తీసుకోండి. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు పేర్చగా సుమారు 200 ఏళ్ళలో ఏర్పడిన దిబ్బ అది. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేలు గుంట తవ్వి, సుమారు 100 గుడ్లు పెడుతుంది. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. రాత్రివేళ నేలకంటే సముద్రమే కాస్త వెలుతురుగా ఉంటుంది. ఆ వెలుతురును బట్టే పిల్లలు నీటిని చేరతాయి. మీరు టార్చిలైటు వేస్తే దారి తప్పి, పీతలకూ కుక్కలకూ ఆహారమవుతాయి. మీరు ఏరిన ఖాళీ గవ్వ కూడా సన్యాసి పీతకు ఇల్లే. నమూనాలు తేకపోతే చదువెలా వస్తుందంటారా? పగలే వెళ్ళండి. అడుగుజాడలు గీసుకోండి, గుంటలకు దూరంగా ఇసుక వేడి కొలవండి. నిండిన నోటుపుస్తకమే అసలైన నమూనా!