నీలం మాత్ర వెనకాల మనిషి



మన ల్యాబులో ఉన్నది స్పిరిట్ దీపమే. అయినా బున్సెన్ బర్నర్ బొమ్మ వెయ్యమంటే ఏడో తరగతి పిల్లాడు కూడా వేసేస్తాడు. రాబర్ట్ బున్సెన్ జర్మనీ దేశపు రసాయన శాస్త్రవేత్త. ప్రయోగంలో పేలుడు జరిగి ఒక కంటి చూపు పోయింది. అయినా మానలేదు. కిర్కాఫ్‌తో కలిసి మంటలోని వెలుగును విడదీసి చూసి 1860, 61లలో సీజియం, రుబీడియం అనే మూలకాలను కనిపెట్టారు. ఇంత చేసిన ఆయనను ప్రపంచం బర్నరు పేరుతోనే గుర్తుపెట్టుకుంది. ఆ బర్నరును చేత్తో తయారుచేసిన పీటర్ డెజాగా పేరు మనలో ఎంతమందికి తెలుసు? వస్తువుకి అతుక్కున్న పేరే బతుకుతుందని నాకనిపిస్తుంది.

మరి వారానికోసారి మనకిచ్చే నీలం మాత్రకి ఎవరి పేరుంది? ఐరన్ మాత్ర అంటాం, అంతే. అందులో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. రక్తం పట్టడానికి రెండూ కావాలి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945 నాటికి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మన రామాపురం నించి కృష్ణ దాటి కొంత దూరం పోతే వాళ్ల ఊరే.

ఆయన మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు (పదోక్లాసు తప్పి ఇంటికెళ్లిపోదామనుకునే అన్నలు ఈ ముక్క రెండుసార్లు చదవండి). మద్రాసులో డాక్టరు చదువుతూ ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకి కోపమొచ్చింది, చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ డిగ్రీ చేతిలో పెట్టారు. తిన్నది ఒంటబట్టక మనిషి చిక్కి శల్యమయ్యే స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములిద్దరు పోయారు. అమెరికా చేరి, ఆస్పత్రిలో రోగుల పాత్రలు కడుగుతూ చదువుకున్నారు. హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. పదో తరగతిలో శ్వాసక్రియ దగ్గర వచ్చే ఎ.టి.పి.ని కూడా 1929లో వీళ్లు బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఇన్ని చేసినా హార్వర్డులో ఆయనకి పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. అందుకే 1940లో లెడర్లీకి వెళ్లారు. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి ఆ తర్వాత ఫోలిక్ యాసిడే మందయింది. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన ప్రయోగశాలలో పుట్టిందే.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. మామగారు డబ్బిచ్చి పంపిస్తే, మూడేళ్లలో వస్తానని భార్య శేషగిరి గారికి చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ రానేలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, వాడి మొహం కూడా ఆయన చూడలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. ఇది రాయొద్దని మా గదిలో కొందరు అన్నారు. నేను రాయాలనే అంటాను. ఆయన ఎంత పెద్దవాడైనా ఆవిడ ఇక్కడ ఎదురుచూస్తూనే ఉంది కదా.

1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేశారట. మన గోడ మీదికి మాత్రం ఆయన ఇంకా రాలేదు. ఆ మాత్రేమో కొళాయి వెనక గడ్డిలో దొరుకుతోంది! రక్తం తక్కువని నర్సమ్మ రాసుకుపోయిన పిల్లలు మనలో ఉన్నారు. పారేసేవాళ్లనే తిట్టి లాభంలేదు, పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. వార్డెన్ గారికి నా మనవి: మాత్ర మధ్యాన్నం అన్నం తిన్నాక ఇప్పించండి, ఎవరిదని అడిగితే పేరు చెప్పండి. ల్యాబులో బున్సెన్ బర్నర్ చార్టు పక్కన మేకు ఖాళీగానే ఉంది. ఒక చార్టు, రెండు స్కెచ్చి పెన్నులు ఇస్తే బొమ్మ నేను వేస్తాను. రాయడానికి మాత్రం చేతిరాత బాగున్నవాళ్లెవరైనా ముందుకు రావాలి.